యజమాని జీతం ఆపితే గల్లాలోంచి తీసుకోవచ్చా? ‘దొంగిలకూడదు’ అనే ఆజ్ఞకు అసలు అర్థం ఏమిటి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. తిరుపతిలో ఒక బట్టల షాపులో క్యాష్ కౌంటర్ దగ్గర పనిచేసే సోదరుడికి ఓనరు రెండు నెలలుగా జీతం ఇవ్వలేదు. అడిగితే ‘సీజన్ అయ్యాక చూద్దాం’ అంటున్నాడు. ఇంటద్దె కట్టాలి. రోజూ డబ్బంతా తన చేతుల మీదుగానే పోతోంది. తనకు రావలసినంత మాత్రమే గల్లాలోంచి తీసుకుంటే అది దొంగతనమేనా? అసలు ఆ ఆజ్ఞకు అర్థం ఏమిటి?

ముందు సూటిగా జవాబు. తీసుకోకండి. మీకు రావలసినదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకపోయినా, వద్దు. అయితే ఇంతటితో ఆపేస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఎందుకంటే అదే ఆజ్ఞ ప్రకారం మీ ఓనరు ఇప్పటికే దొంగతనంలో ఉన్నాడు. ఈ ఆజ్ఞ మీద ప్రసంగం అనగానే పనివాళ్లకు బుద్ధి చెప్పడం మామూలైపోయింది. బైబిల్లో అలా లేదు.

నేను లూథరన్ సంఘంలో పాస్టరుగా చేసి రిటైరయ్యాను. తిరుపతి, పుత్తూరు, చిత్తూరు వైపు సంఘాల్లో కన్ఫర్మేషన్ పిల్లలకు, అంటే తమ విశ్వాసాన్ని సంఘం ముందు సొంతంగా ఒప్పుకోవడానికి సిద్ధమయ్యేవాళ్లకు, పది ఆజ్ఞలు నేర్పడం, ఆ ఆజ్ఞల మధ్య చిక్కుకున్న పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడటం, నా పనిలో పెద్ద భాగం అదే. మీలాంటి ప్రశ్న నాకు కొత్త కాదు.

నిర్గమకాండము 20:15లో ఉన్నది ఒక్క మాట. ‘దొంగిలకూడదు.’ ద్వితీయోపదేశకాండము 5:19లో మళ్లీ అదే. మేమూ కేథలిక్కులూ దీన్ని ఏడో ఆజ్ఞ అంటాం, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు వాళ్లు ఎనిమిదోది అంటారు. లెక్కపెట్టే పద్ధతిలో తేడా, అంతే. ఏం దొంగిలకూడదు, ఎవరిది, ఎంత అన్న వివరం అక్కడ లేదు. ఆ వివరం తర్వాత వచ్చే విధుల్లో ఉంది. నిర్గమకాండము 21 నుంచి 23 వరకు, లేవీయకాండము 19, ద్వితీయోపదేశకాండము 22 నుంచి 25 వరకు ఒకసారి వరసగా చదవండి. ఆజ్ఞను ఒక్కదాన్నే పట్టుకుంటే అది జేబుదొంగల గురించి చెప్పినట్టు ఉంటుంది. ఈ అధ్యాయాలతో కలిపి చదివితే మన కాటా, మన గట్టు, మన అటెండెన్స్ రిజిస్టరు, అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

మొదట మీ జీతం సంగతి. లేవీయకాండము 19:13 చూడండి. పొరుగువాణ్ణి దోచుకోకూడదు, కూలివాని కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోకూడదు. ఈ రెండూ ఒకే వచనంలో, పక్కపక్కనే ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 24:14, 15 ఇంకా ముందుకు పోతుంది. పొద్దు కుంకకముందే ఇచ్చెయ్, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు, ఇవ్వకపోతే వాడు దేవునికి మొరపెడతాడు, ఆ పాపం నీ మీద ఉంటుంది అని. కూలివాడు మన జాతివాడైనా పరదేశి అయినా ఒకటే అని కూడా అక్కడే ఉంది. కొత్త నిబంధనలో యాకోబు 5:4 అయితే ఇవ్వకుండా బిగబట్టిన కూలే మొరపెడుతోంది అంటుంది.

తెల్లవారుజామున మన ఊళ్లలో కూలీల అడ్డా దగ్గర టిఫిన్ డబ్బాతో నిలబడే వాళ్లను చూసినవాళ్లకు ఈ మాటలు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ రోజు కూలితోనే ఆ రాత్రి పొయ్యి వెలగాలి. నెల జీతగాడికి ఒకటో తారీఖు అలాంటిదే.

మా సంఘంలో మేస్త్రీ పనిచేసే ఒకాయన ఉండేవాడు. కూలీలు మధ్యలో వేరే సైటుకు పోకుండా వాళ్ల కూలిలో కొంత పట్టి పెట్టుకునేవాడు. అందరూ చేసేదే అనేవాడు. లేవీయకాండము 19 చదివిన ఒక ఆదివారం తన నోటుబుక్కు తెచ్చి చూపించాడు. ఒక్కో పేరు ఎదుట వచ్చిన రోజులకు టిక్కులు, పక్కన ఇచ్చిన డబ్బు, చివరి గడిలో ‘నిలవ’. ‘ఇది నేను తినలేదు కదా అయ్యగారూ, వాళ్ల పేరు మీదే ఉంది కదా’ అన్నాడు. తినలేదు, నిజమే. నేను అడిగింది ఒకటే. ఆ నిలవ నీ దగ్గర ఉన్న రాత్రులు వాళ్ల ఇంటికి బియ్యం ఎవరు అప్పిచ్చారు, ఎంత వడ్డీకి? ఆయన జవాబు చెప్పలేదు. తర్వాతి శనివారం అందరికీ లెక్క తీర్చేసి ఆ గడి కొట్టేశాడు. ఇద్దరు కూలీలు నిజంగానే వేరే సైటుకు వెళ్లిపోయారు. అది కూడా చెప్పాలి. ఈ ఆజ్ఞ పాటిస్తే నష్టం రాదని నేను ఎవరికీ మాట ఇవ్వను.

మరి ఓనరే దొంగ అయినప్పుడు మీరు మీది తీసుకుంటే తప్పేమిటి? ఇది బలమైన ప్రశ్నే. కేథలిక్కు పండితులు దీని మీద చాలాకాలం వాదించుకున్నారు. పనివాళ్లు తమ కష్టానికి జీతం చాలలేదని తామే అనుకుని ఆ తేడాను యజమాని దగ్గర రహస్యంగా తీసుకోవచ్చు అనే బోధను పోపు 11వ ఇన్నోసెంటు 1679లో ఖండించాడు. మీ విషయం దానికి కాస్త భిన్నం. మీది చాలీచాలని జీతం గొడవ కాదు, ఒప్పుకున్న జీతమే రాలేదు. అయినా నా జవాబు మారదు.

ముందుగా లెక్క సంగతి. మీ లెక్కలో రెండు నెలలు. ఓనరు లెక్కలో పండక్కి ఇచ్చిన అడ్వాన్సు, మీరు పెట్టిన సెలవులు, ఎప్పుడో తక్కువ వచ్చిన క్యాషు ఉంటాయి. ఎవరి లెక్క సరి అన్నది మూడో మనిషి తేల్చాలి. మన కేసులో మనమే జడ్జి అయితే తీర్పు ఎటు మొగ్గుతుందో తెలిసిందే.

రెండోది నన్ను ఎక్కువ భయపెట్టే సంగతి. డబ్బు తీసిన రోజు రాత్రి క్యాషు ఎలా టాలీ చేస్తారు? ఒక బిల్లు చించాలి. లేదంటే ఒక చీర రిటర్న్ వచ్చినట్టు రాయాలి. లేదంటే లోటు అలాగే వదిలేస్తే పక్క కౌంటర్‌లో ఉన్న సేల్స్ అమ్మాయి మీదికి అనుమానం పోతుంది, ఆమె జీతంలో కోస్తారు. లేవీయకాండము 19:11లో దొంగిలకూడదు, బొంకకూడదు, ఒకరితో ఒకరు అబద్ధమాడకూడదు అన్న మూడూ ఒకే వరసలో వచ్చాయి. నా అనుభవంలో గల్లా దగ్గర జరిగే దొంగతనం ఎప్పుడూ ఒంటరిగా రాదు, అబద్ధాన్ని వెంటబెట్టుకునే వస్తుంది.

పైగా ఆ గల్లా మీకు అప్పగించినది. నిర్గమకాండము 22:7 నుంచి 13 వరకు, దాచమని ఒకరి చేతికి ఇచ్చిన సొమ్ము గురించి విడిగా విధులు ఉన్నాయి. అప్పగించినవాడు మంచివాడైతేనే అన్న షరతు అక్కడ లేదు.

చట్టం కూడా చూసుకోండి. ఉద్యోగి యజమాని సొత్తు దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఈ రోజు మీరు బాకీ అడిగేవారు, ఆయన బాకీ ఉన్నవాడు. గల్లాలో చెయ్యి పెట్టిన మరుక్షణం ఆయన ఫిర్యాదుదారు, మీరు నిందితుడు. రెండు నెలల జీతం గురించి ఇక ఎవరూ మాట్లాడరు.

ఆకలి సంగతి వేరు. ఆకలి తీర్చుకోవడానికి దొంగిలించినవాణ్ణి ఎవరూ తిరస్కరించరని సామెతలు 6:30 చెబుతుంది. దొరికితే ఏడంతలు కట్టాలని తర్వాతి వచనం చెబుతుంది. రెండూ ఉన్నాయి, ఒకటి చెప్పి ఇంకోటి దాచకూడదు. 13వ శతాబ్దపు కేథలిక్కు పండితుడు థామస్ అక్వినాస్, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, వేరే దారే లేనప్పుడు బతకడానికి తీసుకున్నది దొంగతనం కాదన్నాడు. కేథలిక్కు సంఘం నేటికీ అదే బోధిస్తుంది. నేను లూథరన్‌నే అయినా ఈ మాటను ఒప్పుకుంటాను. కానీ మీకు వేరే దారులు ఉన్నాయి, కింద రాస్తాను. ఇంట్లో ఈ పూటకు బియ్యం లేకపోతే మాత్రం మొహమాటపడకుండా మీ సంఘానికి చెప్పండి. పెట్టడం వాళ్ల దయాదాక్షిణ్యం కాదు, వాళ్లు చేసి తీరాల్సిన పని.

ఎందుకంటే మోషే ధర్మశాస్త్రంలో, అంటే నేను పైన చెప్పిన ఈ పాత నిబంధన విధుల్లో, బీదవాడి వాటా పొలం యజమాని మంచితనానికి వదిలేయలేదు. పంట కోసేటప్పుడు పొలం అంచులు పూర్తిగా కోయవద్దు, రాలినది ఏరుకోవద్దు, అది బీదలది అని లేవీయకాండము 19:9, 10లో ఉంది. బైబిల్లో రూతు అనే బీద విధవరాలు బోయజు అనే రైతు పొలంలో పరిగె ఏరుకున్నది ఆ హక్కుతోనే. మా వైపు చెనక్కాయలు పీకిన తర్వాత మట్టిలో మిగిలిన కాయల కోసం ఆడవాళ్లు, పిల్లలు పరిగె ఏరడానికి వస్తారు. వాళ్లను తరిమే రైతులూ ఉన్నారు, వాళ్లు వచ్చి ఏరుకునేదాకా గొర్రెలను తోలకుండా ఆగే రైతులూ ఉన్నారు. పొరుగువాడి ద్రాక్షతోటలోకి వెళితే కడుపునిండా తినొచ్చు, పాత్రలో మాత్రం వేసుకోకూడదు అని ద్వితీయోపదేశకాండము 23:24 గీత గీసింది. కన్ఫర్మేషన్ పిల్లలకు నేను దీన్ని మామిడితోట పెట్టి చెప్పేవాణ్ణి. చెట్టు కింద కూర్చుని ఒక కాయ తింటే ఎవరూ దొంగ అనరు, గోతాం తెచ్చుకుంటే అంటారు. పిల్లలకు ఆ గీత ఎక్కడుందో వెంటనే తెలిసిపోయేది.

ఇక మీ రెండో ప్రశ్న, ఆజ్ఞ అర్థం. మా లూథరన్ సంఘాలకు ఆ పేరు వచ్చిన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో పిల్లల కోసం, గృహస్థుల కోసం చిన్న కాటకిజం, అంటే ప్రశ్న జవాబుల బోధ పుస్తకం, రాశాడు. 19వ శతాబ్దంలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలతో అది మా సంఘాలకు చేరింది, ఇప్పటికీ మా పిల్లలు కంఠతా పడతారు. అందులో ఈ ఆజ్ఞకు ఆయన చెప్పిన అర్థంలో రెండు భాగాలు. పొరుగువాడి డబ్బు, వస్తువులు లాక్కోవద్దు, నకిలీ సరుకుతో గానీ మోసపు బేరంతో గానీ రాబట్టుకోవద్దు. రెండోది, అతని ఆస్తి, అతని బతుకుతెరువు నిలబడి బాగుపడేలా సాయం చెయ్యి. ఈ రెండో భాగాన్ని చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం ఆజ్ఞ ప్రాణం అక్కడే ఉంది. పొరుగువాడి ఎద్దు గానీ గొర్రె గానీ తప్పిపోయి కనిపిస్తే చూడనట్టు పోవద్దు, తోలుకొచ్చి అప్పగించు అని ద్వితీయోపదేశకాండము 22:1 చెప్పింది ఇదే. తీసుకోకపోతే చాలదు, వాడిది వాడికి చేరాలి.

పెద్ద కాటకిజంలో లూథర్ ఇంకా గట్టిగా రాశాడు. బజారులో, అంగడిలో, పనిలో, ఎక్కడ పొరుగువాడికి నష్టం చేసి లాభం చూసుకుంటే అక్కడ దొంగతనమే అన్నాడు. అందులో పనివాళ్లనూ వదల్లేదు. జీతం తీసుకుని పని ఎగ్గొట్టేవాళ్లనూ అదే వరసలో చేర్చాడు. కుర్చీలో కూర్చుని దోచుకునేవాళ్లు అసలు దొంగలనీ, వాళ్లు పెద్దమనుషులుగా చెలామణీ అవుతారనీ రాశాడు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట బాగా తగులుతుంది. గొడ్డలి పట్టిన కూలీ దొరుకుతాడు. అడ్వాన్సు ఇచ్చి పంపినవాడు ఇంట్లో ఉంటాడు. దొంగతో వాటా పంచుకున్నవాడు తనకు తానే పగవాడని సామెతలు 29:24లో ఉంది. ‘అడవి ఎవరిదీ కాదు కదా’ అని నాతో వాదించినవాళ్లున్నారు. తూర్పు కనుమల దక్షిణపు కొసన మాత్రమే సహజంగా పెరిగే చెట్టు అది. ఎవరిదీ కాదు అనడం కంటే మన పిల్లలందరిదీ అనడం న్యాయం.

కాటా గురించి కూడా ఒక మాట. సంచిలో చిన్న రాయి ఒకటి, పెద్ద రాయి ఒకటి పెట్టుకోకూడదు అని ద్వితీయోపదేశకాండము 25:13 అంటుంది, కొనేటప్పుడు ఒక తూకం, అమ్మేటప్పుడు ఇంకో తూకం వద్దని. ఇప్పుడు రాళ్లు పోయి డిజిటల్ కాటాలు వచ్చాయి. మామిడి సీజన్‌లో మండీల దగ్గర ‘తరుగు’ పేరుతో కోసే కిలోల గురించి రైతులు నాతో ఎన్నోసార్లు చెప్పుకున్నారు. కాయ నిజంగా చెడిపోయి ఉంటే తరుగు న్యాయం. బాగున్న కాయకూ ఆనవాయితీగా కోస్తే అది ఆమోసు 8:5లో ఉన్న తగ్గించిన కొలతే.

గట్టు జరపడం, ద్వితీయోపదేశకాండము 19:14. దాని గురించి పల్లెల్లో ఎవరికీ చెప్పనవసరం లేదు. కాగితాలతో జరిగే కబ్జా గురించి మాత్రం చెప్పాలి. 1 రాజులు 21లో అహాబు రాజు కన్నుపడిన నాబోతు అనే రైతు ద్రాక్షతోట పోయింది అర్ధరాత్రి దొంగలతో కాదు. రాజముద్ర వేసిన ఉత్తరాలు, ఇద్దరు సాక్షులు, ఊరి పెద్దల విచారణ, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. దేవుడు దాన్ని హత్య, దోపిడీ అన్నాడు. రికార్డులో పేరు మారితే పాపం మాసిపోతుందనుకునేవాళ్లు ఈ అధ్యాయం చదవాలి.

మనిషినే దొంగిలించడం అన్నిటికంటే పెద్దది. నిర్గమకాండము 21:16 ప్రకారం దానికి మరణశిక్ష. యూదు బోధకులు పది ఆజ్ఞల్లోని ఈ ఆజ్ఞ ముఖ్యంగా దాని గురించే అన్నారు. అడ్వాన్సు పేరుతో ఇటుక బట్టీలో కుటుంబాన్ని కట్టిపడేయడం అదే కోవలోది, మన దేశంలో 1976 చట్టంతో వెట్టిని నిషేధించారు కూడా. వస్తువు దొంగిలించినవాడికి మాత్రం మోషే ధర్మశాస్త్రంలో చావు లేదు, చెయ్యి నరకడమూ లేదు. బాబిలోనులో హమ్మురాబి శాసనం ఆలయానిదో రాజుదో పశువును దొంగిలిస్తే ముప్పై రెట్లు కట్టమంది, కట్టలేకపోతే చంపమంది. మోషే ధర్మశాస్త్రంలో అయితే పశువు సజీవంగా దొరికితే రెట్టింపు. అమ్మేస్తేనో కోసేస్తేనో గొర్రెకు నాలుగు, ఎద్దుకు అయిదు. కట్టలేనివాడు దాసుడిగా అమ్ముడుపోవాలి, అది కఠినమైనదే, దాచను. కానీ ఎద్దుకు ఎక్కువ ఎందుకు? దాని వెంట దున్నకమే పోతుంది కాబట్టి అని యూదు బోధకులు వివరించారు. పాడి ఆవు మీద బతికే మా జిల్లా ఇళ్లకు ఈ లెక్క అర్థమవుతుంది. ఆవు పోతే పోయేది ఒక్క ఆవు కాదు, పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు.

తిరిగి ఇవ్వకుండా పశ్చాత్తాపం పూర్తి కాదు. లేవీయకాండము 6:1 నుంచి 7 వరకు వరస చూడండి. ముందు అసలు, దానికి అయిదో వంతు కలిపి సొంతదారుకు ఇవ్వాలి, ఆ తర్వాతే బలి. సువార్తలో పన్ను వసూలుదారు జక్కయ్య కూడా నాలుగంతలు ఇస్తానని నిలబడి చెప్పాడు. పాలకేంద్రం నడిపిన ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. మెషిన్ మీద వెన్న శాతం 4.3 వస్తే చీటీలో 4.0 రాసేవాడు. చాలాకాలం చేశాడు. మనసు మారాక ఆ డబ్బంతా కానుక పెట్టెలో వేస్తానన్నాడు. నేను వద్దన్నాను. అది దేవుని దగ్గర తీసుకున్నది కాదు, ఆ ఇళ్ల దగ్గర తీసుకున్నది. పాత రిజిస్టర్లు ముందేసుకుని అంచనా కట్టాడు, అయిదో వంతు కలిపాడు, కవర్లలో పెట్టి ఇంటింటికీ వెళ్లాడు. ఒక ముసలామె కవరు తీసుకుని ‘మాకు తెలుసు నాయనా’ అందట. ఒకరిద్దరు తిట్టారు. తిట్టే హక్కు వాళ్లకుంది. ఊరు వదిలిపోయి, వారసులెవరూ దొరకని కుటుంబాల వంతు మాత్రమే చివరికి సంఘానికి వచ్చింది. సంఖ్యాకాండము 5:8లో అలాంటి సందర్భానికి సరిగ్గా అదే దారి ఉంది.

ఇప్పుడు మీరు చేయవలసింది. చేరిన తేదీ, ఒప్పుకున్న జీతం, చివరిగా జీతం అందిన నెల ఒక కాగితం మీద రాయండి. బ్యాంకులో పడిన పాత జీతాల స్టేట్‌మెంటు, డ్యూటీ రోస్టరు ఫొటో, ఐడీ కార్డు, ఏవి ఉంటే అవి దగ్గర పెట్టుకోండి. ఓనరుకు వాట్సాప్‌లో మర్యాదగా, తేదీ పెట్టి అడగండి. ‘సీజన్ అయ్యాక’ అన్న జవాబు కూడా రాతలో ఉంటే అది మీకు బలం. ఆయన విశ్వాసి అయితే మత్తయి 18:15, 16 ప్రకారం ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లండి. జీతం ఎగ్గొట్టే సంఘపెద్దను సంఘం ముందు నిలబెట్టడం తప్పు కాదు. దానికీ లొంగకపోతే అసిస్టెంట్ లేబర్ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. కోర్టుకో ఆఫీసుకో వెళ్లడం విశ్వాసం లేకపోవడం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. న్యాయం అడగడం పగ తీర్చుకోవడం కాదు.

ఒకవేళ ఇప్పటికే కొంత తీసి ఉంటే, ఫిర్యాదు పెట్టకముందే దాన్ని గల్లాలో తిరిగి పెట్టండి. దాచడానికి రిటర్న్ చూపించి ఉంటే ఆ ఎంట్రీ సరిచేయాలి, ఎవరి జీతంలోనైనా కోత పడి ఉంటే ముందు వాళ్లకు చెల్లించాలి. ఓనరుకు చెప్పేముందు ఒక లాయరుతో మాట్లాడండి, లీగల్ సర్వీసెస్ అథారిటీలో అర్హులకు ఉచితంగా లాయరును ఇస్తారు. కింద కామెంట్‌లో ఊరు, సంఘం పేరు పెట్టకుండా, ఓనరు విశ్వాసా కాదా అన్నది మాత్రం రాయండి. దాన్నిబట్టి మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలో చెబుతాను.